పోస్టావిడ కాలి అచ్చు

కొట్టు, వెనక గది.

మేకుకి మామయ్య రాసేది.

నువ్వు బాగున్నావనుకుంటాను. నేను ఉన్నాను. నాకు వచ్చిన అచ్చులు చెక్కవే కానీ పలకమీదవి కావు. ఆ సంగతి నీకు తెలుసు. తప్పులుంటే దిద్దుకుని చదువు, నవ్వకు.

ముందు మంచి మాట. పోయిన వానలకు వెనక గదిలోకి నీళ్ళొచ్చి, గోడవారనున్న చెప్పులు కుట్టే చెక్క కాలి అచ్చులన్నీ చివికిపోయాయి కదా. అంతకుముందే నువ్వు వాటిని ఒక్కొక్కటీ తిప్పి తిప్పి కంప్యూటర్లోకి ఎక్కించి ఉండబట్టి ఈ కొట్టు నిలిచింది. ఎక్కించే రోజుల్లో నిన్ను పనిలేనిదానివని తిట్టాను. చివికినవాటిని ఎండబెట్టి జిగురు పొయ్యిలోకి తోస్తున్నప్పుడల్లా ఆ తిట్టు గుర్తొస్తుంది. మేలు చేశావు. చెప్పాను కదా, రెండోసారి అడగకు.

ఇక చెడ్డ మాట. కంప్యూటరు తెర మీదికి రోజూ ఒక పెట్టె వచ్చి, కొత్త లినక్సు వచ్చింది, మారతావా అని అడుగుతూ ఉంది. నువ్వు దాన్ని తెలుగులో పెట్టి ఇచ్చావు కాబట్టి అంతమటుకు చదివాను. నాలుగుసార్లు కాదన్నాను. మర్యాదగా అడిగేవాళ్ళను అస్తమానం కాదనడం నాకు చేతకాదు, సరే అన్నాను. పొద్దంతా అదేదో చేసుకుంది. మర్నాడు ఎప్పటిలాగే కంప్యూటరు మీట వేసి, జిగురు పొయ్యి వెలిగించి గిన్నె పెట్టి వచ్చేసరికి తెర కొత్త బట్టలు కట్టుకుని కూర్చుంది. చూడటానికి పెళ్ళికూతురే. పనికి మాత్రం రాదు. అచ్చులు చెక్కే యంత్రాన్ని నడిపే పాత విండోసును లినక్సు కడుపులో పెట్టావు చూడు, వర్చువల్ మెషినో ఏదో అన్నావు, అది లేవడం లేదు. దాని మీద నొక్కితే ఎర్ర గుర్తు వేసి ఇంగ్లీషులో తిడుతోంది. ఆ తిట్లు వేరే కాగితం మీద ఉన్నవి ఉన్నట్టు దించి పెట్టాను. ఏది ఏ అక్షరమో నాకు తెలియదు. వంపులు మాత్రం తప్పవు.

వీధి చివర కంప్యూటర్లు బాగుచేసేవాడు వచ్చి చూశాడు. అంతా తుడిచేసి మళ్ళీ వేస్తే సరి అన్నాడు. లోపల సగం ఊరి కాళ్ళున్నాయి, తుడిచేస్తావా అని అడిగి బయటికి పంపాను.

ఒక జోడు ఆగింది. ఎవరిదని అడగకు. త్వరగా రాయి.

మామయ్య

*

వాతావరణ కేంద్రం, దీవి.

మామయ్యకు,

ఇక్కడ ఫోను పలకదు, రేడియో ఉన్నా అది గాలీవానా కబుర్లకే. సరుకుల పడవ రెండు వారాలకొకసారి వస్తుంది. కాబట్టి త్వరగా రాయడం నా చేతిలో ఉంది కానీ త్వరగా అందడం సముద్రం చేతిలో ఉంది. నీ మంచి మాట మాత్రం కత్తిరించి నా మంచం పక్కన గోడకు అంటించాను. రెండోసారి అడగనులే, రోజూ అదే చదువుకుంటాను.

నువ్వు దించిన అక్షరాలు చూసి మా కేంద్రం పెద్దాయన, ఇది అచ్చుయంత్రంలో వేసిందా అని అడిగాడు. ఒక్క వంపు కూడా తప్పలేదు. అందువల్లే జబ్బు తెలిసింది. భయపడకు, కాళ్ళన్నీ లోపల భద్రంగా ఉన్నాయి.

నీ భాషలో చెబుతాను. లినక్సుకు కెర్నెల్ అని ఒకటి ఉంటుంది. అది చెక్క అచ్చు అనుకో. లోపలున్న పాత విండోసు నడవాలంటే ఆ అచ్చు మీద సరిగ్గా కుట్టిన జోడు ఒకటి కావాలి. దాన్ని డ్రైవర్ అంటారు. నువ్వు సరే అన్నావు కదా, అప్పుడు అచ్చు మారింది. పాత అచ్చు మీద కుట్టిన జోడు కొత్తదానికి ఎక్కదు. ఎక్కదని చెప్పడమే ఆ తిట్టు. కొత్త అచ్చు కొలతలు తెప్పించి జోడు మళ్ళీ కుట్టాలి. కుట్టేది నువ్వు కాదు, యంత్రమే కుట్టుకుంటుంది. నువ్వు చెప్పాలంతే.

వేరే కాగితం మీద పెద్ద అక్షరాలతో రెండు వరసలు రాశాను. తెర మీద ఆజ్ఞలు కొట్టే నల్ల కిటికీ తెరిచి, చూసి దించు. మొదటి వరస కొలతలు తెప్పిస్తుంది, రెండోది కుడుతుంది. అప్పుడు నిన్నొక రహస్యపు మాట పెట్టమంటుంది. నువ్వు కుట్టిన జోడు అడుగున మన కొట్టు ముద్ర వేస్తావు చూడు, ఇదీ అలాంటిదే. ముద్ర లేని జోడును ఈ కంప్యూటరు గడప దాటనివ్వదు. మాట పెట్టాక కంప్యూటరు ఆపి మళ్ళీ వేయి. లేచేటప్పుడు నీలం రంగు పేజీ వస్తుంది. ఏదో ఒక మీట నొక్కితే వరసలు కనిపిస్తాయి. నేను బొమ్మ గీసిన వరస మీద ఆగి ఆ రహస్యపు మాట కొట్టు. ముద్ర నాదేనని ఇంటి యజమాని ఒప్పుకోవడం అది. అంతే.

జోడు ఎవరిదని అడగద్దన్నావు. అడగను. నువ్వే చెబుతావు.

మేకు

*

కొట్టు, వెనక గది.

మేకుకి,

చెప్పింది చెప్పినట్టు చేశాను. తెర మీద వరసలు చీమల బారులా పోయాయి. రహస్యపు మాట అడిగింది. ఇంగ్లీషులో నాకు గుర్తుండేవి మనం చెప్పులు పెట్టి కొట్టే ఇనప దిమ్మ మీద పోతపోసిన అక్షరాలే. అవే కొట్టాను, రెండుసార్లు అడిగితే రెండుసార్లూ కొట్టాను. ఆపాను. మళ్ళీ వేశాను. యంత్రం చప్పుడు ఎప్పటిలాగే ఉంది, తేడా లేదు.

నీలం పేజీ రాలేదు. పచ్చదీ రాలేదు. వచ్చిందల్లా పెళ్ళికూతురే. విండోసు మీద నొక్కితే మళ్ళీ తిట్టింది. ఈసారి తిట్టు మారింది, అదీ దించి పెట్టాను.

నువ్వు అడగనన్నావు కాబట్టి చెబుతాను. ఆగింది పోస్టావిడ జోడు. ఈ ఉత్తరాన్ని నీ పడవ దాకా చేర్చేది కూడా ఆవిడే. చిన్నప్పటి జ్వరంలో కుడికాలు పొట్టిబడి పోయిందని నీకు తెలుసు. ఆవిడ కుడి అచ్చు కొలతతో వచ్చింది కాదు. ప్రతి జోడూ అరిగిన తీరు చూసి, ఒకసారి మడమ దగ్గర గీరి, ఒకసారి బొటనవేలి పక్కన మందం పోసి, ఏళ్ళ తరబడి తెచ్చింది. చెక్కదేమో చివికిపోయింది. మిగిలింది నీ కంప్యూటరు పెట్టెలో ఉన్నదే.

తపాలా ఆఫీసుకు కొత్త ఆఫీసరు వచ్చాడు. వేసవి చివర ప్రతి వాళ్ళతోనూ కలిసి వాళ్ళ వీధులన్నీ నడుస్తాడట. నడక కుదరనివాళ్ళను ఉత్తరాలు వేరుచేసే గదిలో కూర్చోబెడతాడట. ఆ గదికి కిటికీ లేదు. ఇంట్లో కూర్చోలేకే ఈ ఉద్యోగంలో చేరాను, ఆఫీసులో కూర్చోమంటే ఎలా అని ఆవిడ నవ్వుతూనే అంది. నవ్వు సగంలో ఆగిపోయింది.

ఆవిడ అడుగు వీధి మలుపులోనే తెలిసిపోతుంది. ఒకటి గట్టిగా, ఒకటి మెత్తగా. జోడు బాగున్న రోజుల్లో మన పని ఎంత బాగున్నా, ఆ తేడా సన్నగా వినిపించేది. ఇప్పుడు పాత జోడు అరిగి తేడా పెద్దదైంది. యంత్రం పాడైందని ఆవిడకు చెప్పలేదు. తోలు రావాలి అన్నాను.

మామయ్య

*

వాతావరణ కేంద్రం, దీవి.

మామయ్యకు,

మారిన తిట్టు మంచి తిట్టే. జోడు కుట్టడం అయిపోయింది, ముద్ర మాత్రం చెల్లలేదు అంటోంది. అంటే సగం గెలిచావు. ఆ సగం నువ్వొక్కడివే చేశావు, ఈ కేంద్రంలో చదువుకున్నవాళ్ళం ముగ్గురం ఉన్నా ఒక్క అక్షరం తప్పకుండా ఆ వరసలు కొట్టలేం.

నీలం పేజీ ఎందుకు రాలేదో నాకు అంతుబట్టలేదు. ముద్ర కోసం అడిగిన విన్నపం ఒక్కసారికే పనిచేస్తుంది, యజమాని ఒప్పుకోకపోతే రద్దవుతుంది. అందుకని మళ్ళీ మొదలుపెట్టాలి. కొత్త కాగితం పెట్టాను. అదే మాట కొట్టు. తర్వాత యంత్రాన్ని మీటతో కాకుండా తెర మీదే ఆపి, కాసేపు ఊరుకుని మళ్ళీ వేయి.

పోస్టావిడ జోడని చెప్పినందుకు నీకు దండం. నేను మీ ఇంట్లో అడుగుపెట్టిన కొత్తలో అమ్మ ఉత్తరాలు ఆసుపత్రి నుంచి వచ్చేవి, గుర్తుందా. ఆవిడ వాటిని పెట్టెలో వేయకుండా కొట్టు లోపలికి వచ్చి నా చేతికిచ్చేది. చివరి ఉత్తరం ఇచ్చిన రోజు ఎంతసేపు కూర్చుందో నీకూ తెలుసు. ఆ రోజు ఆవిడ సంచిలో ఎన్ని ఇళ్ళ ఉత్తరాలు ఆలస్యమయ్యాయో. ఆవిడను కిటికీ లేని గదిలో కూర్చోబెడితే నాకు ఇక్కడ ఊపిరాడదు.

తోలు అబద్ధం ఎక్కువ కాలం నిలవదు మామయ్యా. ఆవిడ ఇంటింటి సంగతీ మోసే మనిషి.

మేకు

*

కొట్టు, వెనక గది.

మేకుకి,

మళ్ళీ చేశాను. నీలం పేజీ లేదు. తెర మీదే ఆపాను, ఊరుకున్నాను, వేశాను. నువ్వన్న పేజీ నీ కలలోకి వచ్చి ఉంటుంది.

నిన్ను తప్పు పట్టడం లేదు. అక్కడ సముద్రం మధ్య కూర్చుని ఇక్కడి తెరను చూడమంటే ఎవరికైనా కష్టమే. కానీ పోస్టావిడ నిన్న జోడులో అట్టముక్క పెట్టుకుని వచ్చింది. సిగరెట్టు పెట్టె అట్టలా ఉంది. నేను చూడలేదనుకుని అడుగు దాచుకుంది. నా కొట్టు గడప మీద నా జోడులో అట్టముక్క. నన్ను కొట్టినా ఇంత నొప్పి ఉండేది కాదు.

అందుకని ఉలి పట్టి ఒక దుంగ మొదలుపెట్టాను. అది పాడైంది. దుంగలో ముడి ఉంది. ఇంకొకటి తెచ్చాను. అందులోనూ ముడి ఉంది. ఈ రోజుల్లో మంచి చెక్క దొరకడం లేదు.

నీ ఉత్తరం ఇస్తూ ఆవిడ, పెద్దాయనా, కవరు మీద నువ్వు రాసే అడ్రసు చదవాలంటే నాకు మందుల కొట్టువాడి సాయం కావాలి, దీవి దాకా ఎలా పోతున్నాయో ఏమో అంది. నీకు చదువు తక్కువ అన్నాను. నాకు చదువు తక్కువే, నీకు అక్షరాలు ఎక్కువ, ఒక్కోదానికి రెండేసి కొమ్ములు పెడుతున్నావు అంది. తర్వాత తోలు వచ్చిందా అని అడిగింది. రాలేదన్నాను. ఆ తోలు ఏ ఆవుదో, అదింకా మేస్తోందేమో అంది.

ఇంకేదైనా దారి ఉంటే రాయి.

మామయ్య

*

వాతావరణ కేంద్రం, దీవి.

మామయ్యకు,

ఇంకో దారి ఉంది, నాకు ఇష్టం లేదు. ఆ ముద్ర అడిగే తాళాన్నే తీసేయొచ్చు. ఎలాగో కాగితం మీద గీశాను. జోడు కుట్టి ఉంది కాబట్టి తాళం లేకపోతే లోపలికి వచ్చేస్తుంది. కానీ ఆ తర్వాత ముద్ర లేనివాడు ఎవడైనా రావచ్చు. అందుకే ముందు చెప్పలేదు. పోస్టావిడ కోసం అయితే తీసేయి.

ఒక్క మాట అడుగుతాను, కోపం తెచ్చుకోకు. ముడి దుంగలో ఉందా, మణికట్టులో ఉందా? ఈ యంత్రం నీకు కొనిపెట్టింది సరదాకి కాదు. నీ చెయ్యి వణకడం నేను చూశానని నీకు తెలుసు, నేను చూడటం నువ్వు గమనించావని నాకు తెలుసు. నాతో దాస్తే ఎలా?

మేకు

*

కొట్టు.

మేకుకి,

తాళం తీసి పడుకునేవాడిని కాను. పోస్టావిడ ఒప్పుకోదు కూడా, నన్నడిగితే. మేకు దిగితే ఊడకూడదని నీకు ఆ పేరు పెట్టాను. ఇంకా దిగి చూడు.

చెయ్యి సంగతి అడగొద్దు.

మామయ్య

*

వాతావరణ కేంద్రం, దీవి.

మామయ్యకు,

దొరికింది. దొరికిన తీరు చెబితే నువ్వు నమ్మవు.

మా దగ్గర గాలి వేగం కొలిచే పరికరం ఉంది. పొద్దున్నే దాని మీట నేనే వేస్తాను. లేచేటప్పుడు పలక మీద ఒక పచ్చదీపం వెలిగి ఆరాలి. మొన్న నేను మీట వేశాక కేంద్రం పెద్దాయన వచ్చి దీపం వెలిగిందా అని అడిగాడు. చప్పుడు బాగానే ఉంది సార్ అన్నాను. నేను అడిగింది దీపం సంగతమ్మా, చప్పుడు కాదు, అయినా నువ్వు గోడ వైపు తిరిగి నిలబడ్డావేం అన్నాడు.

చూసుకుంటే నిజమే. పరికరానికి వీపు తిప్పి, గోడకు ఎదురుగా నిలబడి ఉన్నాను. కుడిచెయ్యి గాల్లో ఉంది. మామయ్యా, అది జిగురు గిన్నె కోసం వెతుకుతోంది.

యంత్రాన్ని లేపి దాని మొహంలోకి చూడకూడదు, చప్పుడు విను, లేచిందో లేదో అదే చెబుతుంది అని మీ గురువు నీకు చెప్పాడు, నువ్వు నాకు చెప్పావు. కొట్టులో ఏ యంత్రం వేసినా నువ్వు వీపు తిప్పుతావు. కొత్త జోడు వేసుకున్నవాళ్ళు గడప దాకా నడిచి వచ్చేటప్పుడూ వీపు తిప్పుతావు. చూస్తే మొహమాటానికి బాగా నడుస్తారు, వింటే నిజం తెలుస్తుంది అంటావు. నువ్వు మొదటి ఉత్తరంలోనే రాశావు, మీట వేసి జిగురు పొయ్యి దగ్గరికి వెళ్ళానని. నేను చదివాను. నాకు అది వింతగా తోచలేదు, ఎందుకంటే నేనూ అంతే.

ఆ నీలం పేజీ చప్పుడు చేయదు. వచ్చి, కాసేపు చూసి, ఎవరూ మీట నొక్కకపోతే తనంతట తానే వెళ్ళిపోతుంది. అది కాసేపే ఉంటుందని నీకు రాయకపోవడం నా పొరపాటు. అది రెండుసార్లూ వచ్చింది. రెండుసార్లూ నువ్వు గిన్నె దగ్గర ఉన్నావు.

ఈసారి విన్నపం మళ్ళీ పెట్టి, యంత్రం వేసి, కుర్చీ తెర ముందు వేసుకుని కూర్చో. గురువు మాట ఒక్కరోజు పక్కన పెట్టు. జిగురు ఆలస్యమైతే ఆలస్యమైంది.

ఇంకో మాట. ఈ అలవాటును నేను తప్పుపట్టడం లేదు. వినడం నువ్వు నేర్పబట్టే, ఈ మధ్య ఒక సాయంత్రం పరికరాలన్నీ ప్రశాంతంగా చూపిస్తున్నా, రేకు కప్పు కింద గాలి గొంతు మారిందని నాకు తెలిసింది. పెద్దాయనకు చెప్పాను. ఆయన నమ్మి చేపల పడవలను వెనక్కి పిలిచాడు. అందరూ ఒడ్డెక్కాకే గాలివాన వచ్చింది. వాళ్ళలో ఒకడు వచ్చి నాకు దండం పెట్టాడు. అది నీకు చెందాల్సింది, ఈ ఉత్తరంలో పంపుతున్నాను.

మేకు

*

కొట్టు, వెనక గది.

మేకుకి,

నీ ఉత్తరం పోస్టావిడే తెచ్చింది. చదువుతుంటే నా మొహం ఎలా మారిందో ఏమో, ఆవిడ వెళ్ళకుండా నిలబడింది. ఆఖరికి అడిగింది.

"ఏం పెద్దాయనా, దీవి నుంచి తోలు వచ్చిందా?"

అంటే ఆవిడకు మొదటి నుంచీ తెలుసు. తోలు రావాలని చెప్పి నేను దీవికి ఉత్తరం వెనక ఉత్తరం రాస్తుంటే మోసింది ఆవిడే కదా. దీవిలో చేపలు తప్ప ఆవులు లేవని ఆవిడకు తెలియదా. తెలిసి కూడా నా పరువు నా దగ్గరే ఉంచి, రోజూ తోలు సంగతే అడిగింది. నేను ఇన్నాళ్ళూ ఆవిడను కాపాడుతున్నాననుకున్నాను. ఆవిడ నన్ను కాపాడుతోంది.

సంచి దింపి కూర్చోమన్నాను. విన్నపం మళ్ళీ పెట్టాను. మీట వేశాను. వేయగానే నా ఒళ్ళు దానంతటదే పొయ్యి వైపు తిరిగింది. ఆవిడ నా భుజం పట్టుకుని ఆపింది.

"నువ్వు చూడకపోబట్టే కదా నేను అట్టముక్కల మీద నడుస్తున్నాను. చూడు."

ఇద్దరం తెర ముందు కూర్చున్నాం. నిద్రలేస్తున్న మనిషి మొహంలోకి చూస్తున్నట్టు నాకు మహా సిగ్గేసింది. నల్లగా ఉంది, ఉంది, ఆ తర్వాత నీలం అయింది. నువ్వు అబద్ధం చెప్పలేదు. అంత పెద్ద నీలం, ఒక్క చప్పుడు లేదు. దొంగ కూడా అంత మెత్తగా రాడు. నేను చూస్తూ ఉండిపోయాను. నొక్కవయ్యా అని ఆవిడ పొడిచింది. నొక్కాను. నీ బొమ్మ ఉన్న వరస దగ్గర ఆగి దిమ్మ మీది అక్షరాలు కొట్టాను. ఒప్పుకుంది. మళ్ళీ లేచింది.

విండోసు మీద నొక్కితే లోపలి ముసలాడు తన పాత పాట పాడుకుంటూ లేచాడు. వాడి పాట ఎప్పుడూ చికాకుగా ఉండేది. ఈసారి పోస్టావిడ ఎదురుగా లేకపోయుంటే ఇంకోసారి పాడించుకునేవాడిని.

ఆవిడ కుడి అచ్చు తెర మీదికి వచ్చింది. ఎక్కడ గీరానో ఎక్కడ పోశానో అన్నీ ఉన్నాయి. ఇదా నేను అని ఆవిడ అడిగింది. ఇదే నువ్వు అన్నాను. ఆవిడ తెర దగ్గరికి వంగి చూసింది. నా కాలు ఇంత బాగుంటుందని నాకు తెలియదు అంది.

యంత్రం ఆ సాయంత్రమే దుంగ చెక్కింది. అదే ముడి దుంగ, నేను పాడుచేసినదాని తోబుట్టువు. ముడి యంత్రానికి అడ్డం రాలేదు. కాబట్టి నువ్వడిగినదానికి జవాబు, మణికట్టులో. దాచినందుకు ఏమీ అనకు.

జోడు కుడుతున్నాను. కుట్టడానికి చెయ్యి వణికినా పరవాలేదు, తోలు పట్టుకుంటుంది.

మామయ్య

*

వాతావరణ కేంద్రం, దీవి.

మామయ్యకు,

నీ ఉత్తరం చదివి కేంద్రంలో మిగతా ఇద్దరికీ చదివి వినిపించాను. పెద్దాయన దీపం దగ్గరికి వెళ్ళి, ఇకనుంచి నేను చూస్తాను, నువ్వు విను, ఇద్దరం కలిస్తే ఒక మనిషి పని అవుతుంది అన్నాడు.

లినక్సు ఇక మీదట కూడా మారతావా అని అడుగుతుంది. సరే అను. మర్యాదగా అడిగేవాళ్ళకు నువ్వన్న జవాబు తప్పు కాదు. ముద్రను ఒప్పుకుంది కాబట్టి కొత్త జోడు కుట్టుకున్నప్పుడల్లా అదే చెల్లుతుంది. ఒకవేళ నీలం పేజీ మళ్ళీ వస్తే ఏం చేయాలో ఇప్పుడు నాకన్నా నీకే బాగా తెలుసు.

నేను పదో తరగతి తప్పి, ఏ పనికీ రానని ఏడుస్తున్నప్పుడు నువ్వు ఓదార్చలేదు. ఒక పాత కుట్టుమిషను ముందు కూర్చోబెట్టి, ఇది ఎందుకు కుట్టడం లేదో చెప్పు, చెప్పేదాకా లేవకు అన్నావు. లేచేసరికి నాకు ఒక పని వచ్చింది. ఇన్నేళ్ళలో దానికి నీకు కృతజ్ఞత చెప్పలేదు. ఎందుకంటే నీకు నచ్చదు. ఇప్పుడు కాగితం మీద చెబుతున్నాను, నువ్వు వీపు తిప్పుకోవడానికి లేదు.

ఆవిడ నడిచిందా? ఎలా వినిపించింది?

మేకు

*

కొట్టు, బయటి అరుగు.

మేకుకి,

వీపు తిప్పుకునే చదివాను. అరుగు మీద కూర్చుని గోడవైపు తిరిగి. కుట్టుమిషను సంగతి నాకు గుర్తుంది. అందులో తప్పేమిటో నాకూ అప్పుడు తెలియదు. నువ్వు కనిపెట్టి చెబితే ముందే తెలిసినట్టు తలాడించాను. అంతకన్నా చెప్పను.

జోడు అయింది. పోస్టావిడ తొడుక్కుని గడప దాకా వెళ్ళి వచ్చింది. నేను పొయ్యి వైపు తిరిగి విన్నాను. ఎక్కడో తేడా వస్తుంది కదా, అక్కడ గీరుదామని ఉలి కూడా చేతిలో పట్టుకున్నాను. ఇంకోసారి నడవమన్నాను. మళ్ళీ నడిచింది. ఉలి పక్కన పెట్టేశాను. ఆవిడ పాత జోడులోంచి అట్టముక్క తీసి నా జిగురు పొయ్యిలో వేసి వెళ్ళింది.

కొత్త ఆఫీసరు వచ్చి ఆవిడతో అన్ని వీధులూ నడిచాడు. నా కొట్టు ముందు నుంచే వెళ్ళారు. ఆయన చొక్కా తడిసిపోయింది, మెట్ల వీధి సగం ఎక్కి గోడ పట్టుకుని నిలబడ్డాడట. ఆవిడ పైనుంచి, సార్, నీళ్ళు కావాలా అని అడిగిందట. ఇదంతా ఆవిడ చెప్పింది, కొంత కలిపి చెప్పి ఉంటుంది. ఆ వీధులు ఆవిడవే అని మాత్రం ఆయన సంతకం పెట్టాడు.

నీ కాలు గీసి పంపు. తెల్లకాగితం మీద నిలబడి, పెన్సిలు నిటారుగా పట్టుకుని గీయించు. రెండు కాళ్ళూ. నీ అచ్చు పెట్టెలో ఉంది కానీ అది పదో తరగతి తప్పిన పిల్లది. రాళ్ళ మీద తిరుగుతున్నావు, మడమ గట్టిగా వేస్తాను. వద్దనకు, మర్యాదగా అడుగుతున్నాను.

ఇంకొక్క సంగతి. నీ ఉత్తరం వచ్చిన రోజు నేను ఇక్కడే అరుగు మీద చెప్పుకు వారు కడుతూ ఉన్నాను. ఒక చెవి ఎప్పటిలా మలుపు వైపు వేసే ఉంచాను. పోస్టావిడ వస్తే తెలుస్తుంది కదా, ఒకటి గట్టిగా, ఒకటి మెత్తగా. వీధిలో ఎవరెవరో నడుస్తున్నారు. అందరివీ ఒకేలాంటి అడుగులు. ఈ రోజుకు ఉత్తరం లేనట్టుంది అనుకున్నాను.

తలెత్తితే ఎదురుగా ఆవిడ నిలబడి ఉంది, నీ కవరు చాచిపట్టుకుని. వచ్చినట్టే తెలియలేదు.

మామయ్య